అయస్కాంత పూసలు: వైద్యంలో, జీవశాస్త్రంలో వాటి పని



మేము బరంపురంలో సంఘం తరఫున అప్పుడప్పుడు సభ్యులకు రక్తపరీక్షల శిబిరం పెడుతూ ఉంటాం. ఒక శిబిరం తరువాత మా సభ్యురాలు ఒకరు రిపోర్టు పట్టుకుని కార్యాలయానికి వచ్చారు. టీఎస్‌హెచ్ బాగా తక్కువ, టీ4 ఎక్కువ అని అందులో ఉంది. అంటే థైరాయిడ్ అతిగా పనిచేస్తున్నట్టు లెక్క. కానీ ఆమెకు గుండెదడ లేదు, బరువు తగ్గలేదు, చేతులు వణకడం లేదు. డాక్టరుగారు మందు రాయబోయి ఆగి, "ఇంకేమైనా మాత్రలు వేసుకుంటున్నారా?" అని అడిగారు. జుట్టు రాలుతోందని కూతురు తెచ్చిచ్చిన బయోటిన్ మాత్రల సంగతి అప్పుడు బయటపడింది. అవి ఆపించి వారం తరువాత మళ్ళీ పరీక్ష చేయిస్తే అన్నీ మామూలుగానే వచ్చాయి.

"సెక్రటరీగారూ, జుట్టు మాత్రకీ థైరాయిడ్ పరీక్షకీ ఏమిటండీ సంబంధం? డాక్టరుగారు ఒడియాలో చెప్పారు. ఒడియా నాకు బాగానే వచ్చు గాని, ఆ మాటలు ఏ భాషలో చెప్పినా నాకు అర్థమయ్యేలా లేవు" అన్నారామె. ఆ రోజు మా దగ్గరా జవాబు లేదు. తరువాత తెలిసినవారిని అడిగి, చదివి తెలుసుకున్నాం. జవాబంతా కంటికి కనబడనంత చిన్న అయస్కాంత పూసల్లో ఉంది. ఆ పూసల కథ మన భాషలో ఒకచోట ఉంటే నలుగురికీ పనికొస్తుందని ఈ వ్యాసం రాస్తున్నాం.

పూస అంటే ఏమిటి?

శాస్త్రజ్ఞులు వీటిని మాగ్నెటిక్ మైక్రోస్ఫియర్లు అంటారు. మనం అయస్కాంత పూసలు అనుకుంటే చాలు. ఇవి గుండ్రటి ప్లాస్టిక్ గుళికలు. ఎక్కువగా పాలీస్టైరీన్ అనే పాలిమరుతో చేస్తారు. థర్మోకోల్ కూడా ఆ పదార్థమే. ఎక్కువగా వాడే పూసల వ్యాసం 1 మైక్రాన్ నుంచి 4.5 మైక్రాన్ల దాకా ఉంటుంది. మిల్లీమీటరులో వెయ్యోవంతును మైక్రాన్ అంటారు. మన రక్తంలోని ఎర్రకణం 7 నుంచి 8 మైక్రాన్ల వెడల్పు ఉంటుంది. అంటే పెద్ద పూస కూడా ఎర్రకణంలో సుమారు సగం అన్నమాట.

ఈ ప్లాస్టిక్ గుళిక లోపల సన్నటి రంధ్రాలుంటాయి. వాటిలో ఇనుప ఆక్సైడు రేణువులు నిండి ఉంటాయి. పైన మరో పలుచని పాలిమరు పొర వేసి ఇనుము బయటికి రాకుండా మూసేస్తారు. ఆ పొర మీద మనకు కావలసిన పదార్థాన్ని అతికిస్తారు. కాబట్టి ఒక్కో పూసలో మూడు భాగాలు: ఆకారమిచ్చే ప్లాస్టిక్, అయస్కాంతానికి స్పందించే ఇనుము, దేన్ని పట్టుకోవాలో నిర్ణయించే పైపూత.

అయస్కాంతాలైతే ఒకదానికొకటి అంటుకోవా?

చిన్నప్పుడు అయస్కాంతాన్ని ఇసుకలో తిప్పి నల్లటి రజను పోగుచేసిన అనుభవం మనలో చాలామందికి ఉంది. ఒక సూదిని అయస్కాంతానికి రుద్దితే ఆ సూది కూడా కొంతకాలం అయస్కాంతంలా పనిచేస్తుంది. పూసలు కూడా అలాగే అయిపోతే ఒకదానికొకటి అంటుకుని ముద్ద కడతాయి. అప్పుడు రక్తంలో కలిపినా ప్రయోజనం ఉండదు.

దీనికి ఉపాయం ఇనుప ఆక్సైడు రేణువు పరిమాణంలో ఉంది. ఆ రేణువును మైక్రాన్‌లో వందోవంతు దాకా చిన్నది చేస్తే దాని స్వభావం మారుతుంది. దగ్గరలో అయస్కాంతం ఉన్నంతసేపే అది అయస్కాంతం. దాన్ని తీసేయగానే గది వేడికే రేణువులోని అయస్కాంత దిశ అటూ ఇటూ మారిపోయి, మొత్తం మీద ఏమీ మిగలదు. ఈ గుణాన్ని సూపర్‌పారామాగ్నెటిజం అంటారు. అందువల్ల అయస్కాంతం పెడితే పూసలన్నీ గొట్టం గోడకు చేరతాయి, తీసేస్తే మళ్ళీ నీళ్ళలో విడివిడిగా తేలతాయి. ఈ వ్యాసంలో చెప్పే పనులన్నీ ఈ ఒక్క గుణం మీదే నడుస్తాయి.

నార్వేలో ఒక ఆచార్యుడు

నార్వే దేశంలో ట్రాండ్‌హైమ్ అనే ఊరుంది. అక్కడి నార్వేజియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో జాన్ ఉగెల్‌స్టాడ్ (1921–1997) రసాయన శాస్త్ర ఆచార్యుడు. అన్నీ సరిగ్గా ఒకే కొలతలో ఉండే ప్లాస్టిక్ పూసలు చేయడం అప్పట్లో పెద్ద చిక్కు. ఒక మైక్రాన్ లోపల పరవాలేదు. అంతకంటే పెద్దవి చేయబోతే కొన్ని చిన్నవి, కొన్ని పెద్దవి అయ్యేవి, కొన్ని ఒకదానితో ఒకటి అతుక్కునేవి.

భూమ్యాకర్షణ వల్ల పూసలు తేలడమో మునగడమో జరుగుతోందనీ, ఆ ఇబ్బంది లేని అంతరిక్షంలోనే సమమైన పూసలు చేయగలమనీ అమెరికాలో అనుకున్నారు. లీహై విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ వాండర్‌హాఫ్ బృందం రూపొందించిన యంత్రాన్ని 1982 మార్చిలో కొలంబియా షటిల్‌లో పంపారు. ఆ ప్రయోగాల్లో తయారైన 10 మైక్రాన్ల పూసలను 1985లో కొలత ప్రమాణాలుగా అమ్మారు. అంతరిక్షంలో తయారై అమ్మకానికొచ్చిన తొలి సరుకు అదే.

ఉగెల్‌స్టాడ్ 1976లోనే ఆ పని నేలమీద సాధించారు. ఆయన పద్ధతి ఇలా ఉంటుంది. ముందు ఒకే కొలతలో ఉన్న చిన్న విత్తన పూసలు తీసుకుంటారు. మామూలుగా అవి తమ ఘనపరిమాణానికి కొన్ని రెట్లు మాత్రమే ముడి ద్రవాన్ని పీల్చుకోగలవు. నీటిలో దాదాపు కరగని ఒక చిన్న అణువుల పదార్థాన్ని ముందుగా వాటిలోకి ఎక్కిస్తే, ఆ తరువాత వందల రెట్లు, వెయ్యి రెట్లు కూడా పీల్చుకుని ఉబ్బుతాయి. శనగలు నానబెడితే ఉబ్బినట్టే గాని, ఇక్కడ ప్రతి గింజా సమానంగా ఉబ్బుతుంది. ఘనపరిమాణం వెయ్యి రెట్లయితే వ్యాసం పది రెట్లవుతుంది. ఆ తరువాత ద్రవాన్ని గట్టిపరిస్తే ఒకే కొలత పూసలు చేతికొస్తాయి.

వాటి రంధ్రాల్లోకి ఇనుప లవణాలను ఎక్కించి, లోపలే ఇనుప ఆక్సైడుగా మార్చడం తరువాతి మెట్టు. అలా పుట్టినవే డైనాబీడ్స్ అనే పేరుతో ప్రపంచమంతటా అమ్ముడైన పూసలు. వాటి కోసం 1986లో డైనల్ అనే నార్వే కంపెనీ ఏర్పడింది.

కొలత ఎందుకంత ముఖ్యం? అన్ని పూసలూ సమానమైతే అన్నిటిలో ఇనుమూ సమానం, పైన అతికించిన పదార్థమూ సమానం. అన్నీ ఒకే వేగంతో అయస్కాంతం వైపు కదులుతాయి. ఈ రోజు చేసిన పరీక్షకూ ఆరు నెలల తరువాత చేసే పరీక్షకూ లెక్క కుదరాలంటే ఈ సమానత్వం తప్పనిసరి.

పైపూత: ఎవరిని పట్టుకోవాలి?

వేలాది ఉత్తరాల్లో మనకు కావలసిన చిరునామా ఉన్నదాన్ని మాత్రమే తీయాలంటే చిరునామా గుర్తుపట్టేవాడు ఒకడు కావాలి. పూసల విషయంలో ఆ పని ఎక్కువగా యాంటీబాడీలది. యాంటీబాడీ ఒక ప్రొటీను. అది తనకు సరిపోయే ఒకే ఒక గుర్తును పట్టుకుంటుంది. ఒకే రకం యాంటీబాడీని ఎంత కావాలంటే అంత తయారుచేసే విధానాన్ని కోలర్, మిల్‌స్టీన్ 1975లో ప్రకటించారు. అందుకు వారికి 1984లో నోబెల్ బహుమతి వచ్చింది. ట్రాండ్‌హైమ్ పూస, ఈ యాంటీబాడీ ఇంచుమించు ఒకే కాలంలో చేతికి రావడం వైద్యానికి బాగా కలిసొచ్చింది.

ఇంకో పైపూత స్ట్రెప్టావిడిన్. ఇది ఒక సూక్ష్మజీవి తయారుచేసే ప్రొటీను. బయోటిన్ అనే విటమిన్‌ను ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే, ప్రకృతిలో తెలిసిన గట్టి పట్లలో అదొకటి. ఈ జతను గుర్తుపెట్టుకోండి. మా సభ్యురాలి ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది.

పసిపిల్లల మజ్జను శుభ్రం చేయడం

పూసలను వైద్యంలో మొదటగా వాడిన సందర్భాల్లో ఒకటి న్యూరోబ్లాస్టోమా. ఇది చిన్నపిల్లలకు వచ్చే కాన్సర్. ముదిరితే పెద్ద మోతాదులో మందులివ్వాలి. ఆ మోతాదుకు ఎముక మజ్జ కూడా చచ్చిపోతుంది. మజ్జ లేనిదే రక్తం తయారుకాదు. అందుకని ముందుగా బిడ్డ మజ్జను కొంత తీసి దాచి, చికిత్స తరువాత తిరిగి ఎక్కిస్తారు. అయితే దాచిన మజ్జలోనే కాన్సర్ కణాలు ఉంటే?

లండన్‌లోని వైద్యులు, ఉగెల్‌స్టాడ్ కలిసి చేసిన పనిని 1984లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. కాన్సర్ కణాన్ని గుర్తుపట్టే యాంటీబాడీలతో, పూసలతో మజ్జను కలిపి, అయస్కాంతాల పక్కగా ప్రవహింపజేశారు. కాన్సర్ కణాలు పూసలతోపాటు అక్కడే ఆగిపోయాయి, మంచి కణాలు ముందుకు సాగాయి. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు కణాలను ఏరగలమని దీనితో తేలింది.

తరువాతి సంగతి కూడా చెప్పాలి. ఇలా శుభ్రం చేసినందువల్ల పిల్లలు ఎక్కువకాలం బతుకుతున్నారా అని అమెరికాలో పోల్చి చూశారు. 2013లో వెలువడిన ఆ ఫలితాల్లో, శుభ్రం చేసిన కణాలు ఎక్కించినవారికీ, చేయనివి ఎక్కించినవారికీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. శరీరంలో మిగిలిపోయిన కాన్సర్ కణాల సంగతి పూసలు చూడలేవు కదా. ఏరడం బాగా జరిగినంత మాత్రాన జబ్బు నయమైనట్టు కాదు. కొత్త చికిత్స గురించి పత్రికల్లో చదివినప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవడం మంచిది.

కణాలను పెంచడానికి

ఏరడంలో నేర్చిన పని మరోచోట అక్కరకొచ్చింది. కొన్ని రక్త కాన్సర్లకు రోగి సొంత టీ-కణాలను బయటికి తీసి, వాటికి కాన్సర్‌ను గుర్తుపట్టే శక్తినిచ్చి తిరిగి ఎక్కించే చికిత్స ఉంది. దాన్ని కార్-టీ అంటారు. ఆ కణాలు ప్రయోగశాలలో కోట్ల సంఖ్యలో పెరగాలి. పెరగమని వాటికి సంకేతం ఇవ్వడానికి సీడీ3, సీడీ28 అనే రెండు గుర్తులను తాకే యాంటీబాడీలున్న పూసలను కలుపుతారు. పూస కణమంత గుండ్రంగా ఉండడం వల్ల టీ-కణం దాన్ని మరో కణంలాగే అందుకుంటుంది. పెరిగిన తరువాత అయస్కాంతంతో పూసలను తీసేసి, కణాలను మాత్రమే రోగికి ఎక్కిస్తారు. 2017 ఆగస్టులో అమెరికా ప్రభుత్వ అనుమతి పొందిన కిమ్రియా తయారీలో ఇలాంటి పూసలనే వాడారు.

హెచ్ఐవీ రోగుల సీడీ4 కణాలను లెక్కపెట్టడానికి ఖరీదైన యంత్రం కావాలి. అది లేనిచోట పూసలతో ఆ కణాలను విడదీసి, మామూలు మైక్రోస్కోపు కింద లెక్కపెట్టే పద్ధతిని ఆఫ్రికాలోని బుర్కినా ఫాసోలో అమలుచేసి చూశారు. పూసలంటే పెద్ద ఆసుపత్రులకే పరిమితమనుకోనక్కరలేదు.

డీఎన్ఏ, ఆర్ఎన్ఏ, కోవిడ్ రోజులు

పూస మీద సరైన పూత వేసి, ద్రవంలో ఉప్పు, పాలీఇథిలీన్ గ్లైకాల్ తగుపాళ్ళలో కలిపితే డీఎన్ఏ పూసకు అతుక్కుంటుంది. కడిగి, ఉప్పు లేని ద్రవంలో వేస్తే ఊడివస్తుంది. ఈ పద్ధతిని 1995లో అమెరికాలోని వైట్‌హెడ్ ఇన్‌స్టిట్యూట్‌వారు ప్రచురించారు. పెద్ద ఎత్తున జన్యువులను చదివే పనుల్లో ఇది స్థిరపడిపోయింది. గిర్రున తిప్పే సెంట్రిఫ్యూజు అవసరం లేదు కాబట్టి మరమనిషికి అప్పగించవచ్చు.

కోవిడ్ పరీక్షలో ముక్కులోంచి తీసిన నమూనా మనకు గుర్తే. ఎన్నో ప్రయోగశాలల్లో ఆ నమూనాను ఒక ద్రవంలో కలిపి వైరస్‌ను పగలగొట్టి, ఆర్ఎన్ఏను అయస్కాంత పూసలకు అతికించి, కడిగి, ఆ తరువాతే పీసీఆర్ యంత్రంలో పెట్టారు. 96 గుంటల పళ్ళెంలో పదుల నమూనాలు ఒకేసారి నడిచేవి. 2020 మార్చి, ఏప్రిల్‌లలో ఈ సామగ్రికి ప్రపంచమంతా కటకటలాడింది. అప్పుడు ఉగెల్‌స్టాడ్ ఊరైన ట్రాండ్‌హైమ్‌లోనే విశ్వవిద్యాలయంవారు సిలికా పూత వేసిన ఇనుప ఆక్సైడు రేణువులు సొంతంగా తయారుచేసి తమ దేశపు పరీక్షలకు అందించారు. అవి పాలిమరువి కావు గాని, పని సూత్రం ఒకటే.

తాగునీటిలో

1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో తాగునీటి ద్వారా క్రిప్టోస్పోరిడియం అనే జీవి వ్యాపించి సుమారు 4 లక్షలమంది జబ్బుపడ్డారు. పది లీటర్ల నీటిలో ఆ జీవులు కొన్నే ఉండవచ్చు. మైక్రోస్కోపు కింద చూద్దామంటే మట్టి, నాచు అడ్డం వస్తాయి. అందుకే అక్కడి ప్రభుత్వ పరీక్షా విధానంలో నీటిని వడపోసి, మడ్డిలోంచి ఆ జీవులను పూసలతో ఏరి, అప్పుడు చూస్తారు. మాంసంలో, పాలలో హానికరమైన ఈ.కోలి ఓ157 బాక్టీరియాను వెతకడానికీ ఇలాంటి పద్ధతే ఉంది.

జుట్టు మాత్రకూ థైరాయిడ్‌కూ సంబంధం

ఇక అసలు ప్రశ్న. ఈ రోజుల్లో థైరాయిడ్, విటమిన్ డి, ఫెరిటిన్, గుండెపోటుకు చూసే ట్రోపోనిన్, ప్రోస్టేట్‌కు చూసే పీఎస్ఏ వంటి పరీక్షలు చాలాచోట్ల అయస్కాంత పూసలున్న యంత్రాల మీదే జరుగుతున్నాయి. టీఎస్‌హెచ్‌ను ఉదాహరణగా తీసుకుంటే, స్ట్రెప్టావిడిన్ పూసలు వాడే యంత్రంలో వరస ఇది:

1. మన రక్తరసంలో రెండు యాంటీబాడీలు కలుపుతారు. ఒకదానికి బయోటిన్ తోక ఉంటుంది. రెండోదానికి వెలుగునిచ్చే పదార్థం తగిలించి ఉంటుంది.
2. టీఎస్‌హెచ్ అణువును రెండూ చెరోవైపు పట్టుకుంటాయి.
3. స్ట్రెప్టావిడిన్ పూసలు వేస్తారు. బయోటిన్ తోక పూసకు అతుక్కుంటుంది.
4. అయస్కాంతం పూసలను పట్టి ఉంచుతుంది, మిగతాది కడిగేస్తారు.
5. మిగిలిన వెలుగును కొలుస్తారు. ఎంత వెలుగుంటే అంత టీఎస్‌హెచ్.

ఇప్పుడు రక్తంలోనే బయోటిన్ విపరీతంగా ఉందనుకోండి. పూసల మీది స్ట్రెప్టావిడిన్ స్థలాలను అది ముందుగా ఆక్రమిస్తుంది. టీఎస్‌హెచ్‌ను పట్టుకున్న యాంటీబాడీలకు చోటు దొరకదు. కడిగినప్పుడు అవి కొట్టుకుపోతాయి. వెలుగు తగ్గుతుంది. యంత్రం "టీఎస్‌హెచ్ తక్కువ" అని రాస్తుంది.

టీ4 పరీక్ష లెక్క దీనికి తిరగబడి ఉంటుంది. అందులో వెలుగు తగ్గితే టీ4 ఎక్కువని అర్థం. కాబట్టి అదే బయోటిన్ వల్ల "టీ4 ఎక్కువ" అని వస్తుంది. రెండూ కలిపి చూస్తే అచ్చం అతి థైరాయిడ్ జబ్బులాగే కనబడుతుంది. మా సభ్యురాలి విషయంలో జరిగింది ఇదే. యంత్రం చెడిపోలేదు, ఎవరూ రిపోర్టు తారుమారు చేయలేదు. మాత్ర సంగతి ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు, అంతే.

పెద్దవారికి రోజుకు సుమారు 30 మైక్రోగ్రాముల బయోటిన్ చాలు. అది మామూలు తిండిలోనే వస్తుంది. జుట్టు, గోళ్ళ కోసం అమ్మే మాత్రల్లో 5,000 లేదా 10,000 మైక్రోగ్రాములు ఉండడం మామూలే. అంటే 10,000 మాత్ర రోజు అవసరానికి 300 రెట్లకు పైగా. అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఈ విషయమై 2017 నవంబరులో హెచ్చరిక జారీచేసింది. బయోటిన్ ఎక్కువగా వాడిన ఒక రోగికి ట్రోపోనిన్ తప్పుగా తక్కువ చూపిందనీ, ఆ రోగి చనిపోయారనీ అందులో ఉంది. ఆ తరువాత కొన్ని కంపెనీలు తమ పరీక్షలను మార్చుకున్నాయి. అన్ని యంత్రాలూ ఈ జత మీద ఆధారపడవు కూడా. కానీ మన రక్తం ఏ యంత్రంలోకి పోతుందో మనకు తెలియదు.

మందును మోసుకెళ్ళే పూసలు

పూసలకు మందు ఎక్కించి, బయట అయస్కాంతం పెట్టి, జబ్బున్న చోటికే రప్పించవచ్చు కదా అన్న ఆలోచన పాతదే. 1970ల చివర్లో అమెరికాలో విడర్, సెన్యేయ్ బృందం ఆల్బుమిన్ పూసలతో జంతువులలో ప్రయత్నించింది. 1996లో జర్మనీలో కాన్సర్ రోగుల మీద తొలి ప్రయోగ ఫలితాలు వెలువడ్డాయి. అయినా ఇది మన ఆసుపత్రుల్లో మామూలు చికిత్స కాలేదు. దూరం పెరిగేకొద్దీ అయస్కాంతం బలం త్వరత్వరగా తగ్గిపోతుంది. చర్మం దగ్గర ఉన్న గడ్డకు చాలిన బలం కాలేయం లోతుకు చాలదు. పైగా రక్తప్రవాహం పూసలను ఈడ్చుకుపోతుంది. గొట్టంలో సులువైన పని ఒంట్లో సులువు కాదు. కాబట్టి "అయస్కాంత చికిత్స" అని ఎవరైనా డబ్బులడిగితే, ఆ పట్టీలకూ గాజులకూ ఈ శాస్త్రంతో ఏ సంబంధమూ లేదని తెలుసుకోండి.

సభ్యులకు మా మనవి

- రక్తపరీక్షకు వెళ్ళేటప్పుడు మీరు వేసుకునే మాత్రలన్నీ, విటమిన్లతో సహా, కాగితం మీద రాసి తీసుకెళ్ళండి. జుట్టు మాత్రను మందుగా లెక్కపెట్టక వదిలేస్తున్నాం. అక్కడే పొరపాటు.
- డబ్బా మీద బయోటిన్, విటమిన్ బి7, విటమిన్ హెచ్ అని ఏ పేరున్నా అది ఒకటే.
- థైరాయిడ్ పరీక్షకు కనీసం 2 రోజుల ముందు బయోటిన్ ఆపాలని అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ సూచన. పెద్ద మోతాదు వాడేవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఇంకా ముందుగా ఆపవలసి రావచ్చు. అది డాక్టరుగారిని అడగండి.
- ఏదైనా జబ్బు కోసం డాక్టరే బయోటిన్ రాసి ఉంటే మీ అంతట మీరు ఆపకండి.
- గుండెనొప్పి వస్తే దేనికోసమూ ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి. బయోటిన్ వాడుతున్న సంగతి మాత్రం తప్పక చెప్పండి.
- ఒంట్లో లక్షణాలకూ రిపోర్టుకూ పొంతన కుదరకపోతే మళ్ళీ పరీక్ష చేయమని అడగడం తప్పు కాదు.

ఇకనుంచి మా శిబిరంలో పేరు, వయసు రాసుకునే కాగితంలోనే "విటమిన్ మాత్రలు వాడుతున్నారా?" అన్న గడి ఒకటి చేర్చాం. ఒడియాలోనూ తెలుగులోనూ అచ్చు వేయించాం. శిబిరాలు నిర్వహించే ఇతర ఊళ్ళ తెలుగు సంఘాలవారు కూడా ఆ గడి చేర్చుకుంటే బాగుంటుందని మా మనవి. కాగితం నమూనా కావలసినవారు అడిగితే పంపుతాం.